రెండవ దీపము

పూర్వము మన యిండ్లలో నడవలో నొక దీపమును, వంటయింట మరియొక దీపమును, వెనుక గదిలో వేరొక దీపమును పెట్టెడివారు. నడవలోని దీపమెంత పెద్దదైనను గోడకావలి చీకటిని పోగొట్టజాలదు. నేడు ఇంటింట నున్న వైఫైకిని ఈ నియమమే వర్తించును. దానిని వెదజల్లు చిన్న పెట్టెకు రౌటరని పేరు.

ఈ పెట్టె రేడియో తరంగములను పంపును. 19వ శతాబ్దపు చివరి దశకమున జగదీశ చంద్ర బోసు కలకత్తా నగరములో ఇట్టి తరంగములను గోడలగుండ పంపి, దూరమున నున్న గంటను మ్రోగించి చూపరులకు అబ్బురము గొలిపెను. కావున తరంగములు గోడలను దాటగలవు; కాని ప్రతి గోడకడను సుంకము చెల్లింపక తప్పదు. చెక్క తలుపు కొంచెము పుచ్చుకొనును. మందపు గోడ హెచ్చుగా పుచ్చుకొనును. ఇనుప బీరువా వానిని వెనుకకు త్రిప్పివేయును. 2.4 గిగాహెర్ట్‌జుల తరంగము పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్‌జుల తరంగము పొడవు 6 సెంటీమీటర్లు. ఈ రెండవది వేగము గలదే కాని గోడల యెదుట త్వరగా డస్సిపోవును.

గోదావరి తీరమున నొక పల్లెలో పాత మండువా యిల్లు కలదు. దాని గోడలు మూరెడు మందము. రౌటరు వీధి గదిలో నుండెను. వెనుక గదిలో కాళ్లు చచ్చుబడిన వృద్ధురాలు మంచము పట్టి యుండెను. ఆమె కుమారుడు కువైటులో పనివాడు. శుక్రవారము నాడు అతడు ఫోనులో తల్లిని చూడగోరును. వెనుక గదిలో బొమ్మ నిలిచిపోవును, మాట తెగిపోవును. అందుచే ఇంటివారామెను కుర్చీతో సహా వీధి గదికి మోసికొని వచ్చెడివారు. ఒకనాడామె, “ఇక నన్ను మోయవలదు. వాడు బాగున్నాడని మీరు చెప్పిన చాలును” అనెను. ఆ మాట పాలిటెక్నిక్ చదువుచున్న మనుమరాలికి ములుకువలె నాటెను.

అటకమీద పాత రౌటరొకటి పడియుండెను. ఆమె దానిని దింపి, మొదటి పెట్టె సంకేతమును విని తిరిగి పలుకునట్లు అమర్చి, మామ్మ గదిలో నుంచెను. ఫలము లేకపోయెను. తనకు వినబడని మాటను ఎవడు తిరిగి చెప్పగలడు? దానిని నడుమ నున్న సావడిలో నుంచగా బొమ్మ కదలెను గాని వేగము సగమునకు తగ్గెను. ఒకే దారిలో వినుటయు పలుకుటయు జరుగవలసి యుండుటయే దానికి కారణము.

అప్పుడామె తీగ మార్గమును ఎన్నుకొనెను. ఇట్టి తీగ 100 మీటర్ల వరకు పనిచేయును. ఆ యింటికి 25 మీటర్లు చాలెను. ముందుగా పాత రౌటరును లాప్‌టాపునకు కలిపి, దాని చిరునామాను మార్చెను. మొదటిది 192.168.1.1 కాగా, దీనికి 192.168.1.2 ఇచ్చెను. పిదప చిరునామాలు పంచు డీహెచ్‌సీపీ అను పనిని దానియందు ఆపివేసెను. ఒకే గ్రామమునకు ఇద్దరు కరణములుండి, ఒకే భూమిని ఇద్దరి పేర వ్రాసినచో తగవు పుట్టదా? ఇదియు నట్టిదే. రెండింటికిని ఒకే పేరు, ఒకే సంకేతపదము పెట్టెను. ఒకదాని మాటకు వేరొకటి అడ్డుపడకుండ, మొదటిదానిని 1వ ఛానలునందును, రెండవదానిని 11వ ఛానలునందును ఉంచెను. తీగను చూరు వెంబడి నడిపి, దాని రెండు కొనలను ఆయా పెట్టెల లాన్ రంధ్రములలో గ్రుచ్చెను. రెండవ పెట్టెలోని వాన్ రంధ్రమున గ్రుచ్చినచో అది వేరు కాపురము పెట్టును.

తీగయే మాటను మోసికొని వచ్చుచున్నందున, ఈసారి పెట్టెను మామ్మ గదిలోనే ఉంచ వీలయ్యెను. ఫోను మొదట దూరపు పెట్టెనే పట్టుకొని వ్రేలాడెను. వైఫైని ఒకమారు ఆపి తెరువగా దగ్గరి పెట్టెను చేరెను.

శుక్రవారము వచ్చెను. “అమ్మా! భోజనము చేసితివా?” అని కుమారుడడిగెను. మంచముమీద పండుకొనియే ఆమె, “చేసితిని నాయనా. నీవు చిక్కిపోతివేమి?” అనెను. బొమ్మ చెదరలేదు. ఆమె అతనితో చాలసేపు మాటలాడెను. అంతకుముందు, తన్ను మోసినవారు నిలుచుండి యెదురుచూచుచున్నారని రెండు మాటలతో ముగించెడిది.

ఈ పనికి తీగ తప్ప మరేమియు కొనవలసిన పని లేకపోయెను. విద్యార్థులారా! ఇంటికి వచ్చిన సౌకర్యమును వీధి గదిలో నిలుచుండి కొలువరాదు. అది అన్నిటికంటె వెనుక గదికి చేరినదా లేదా యని, అచ్చట నున్నవారిని అడిగి తెలిసికొనవలెను. తమకు అందలేదని వారు తామై చెప్పరు.