అక్కడ కూడా స్టవ్ నాకేనా?

మా ఇంట్లో ఎండాకాలం సెలవులు అనే మాటే లేదు. నంద్యాలలో విత్తనాల షాపు ఉన్న ఏ ఇంట్లోనైనా ఇంతే. పిల్లలకు బడి మూసేసే వేళకు మా ఆయనకు అసలు పని మొదలవుతుంది. మే నెలలో పత్తి విత్తనాల సరుకు దిగుతుంది. తొలకరి పడగానే రైతులు షాపు ముందు నిలబడతారు. ఆగస్టు దాకా ఆయనకు కుదురుగా కూర్చుని అన్నం తినే తీరిక ఉండదు. మళ్లీ అక్టోబరు, నవంబరుల్లో శనగ. అది కూడా అయిపోయాక, సంక్రాంతికి ముందు ఒక నెల మాత్రం కౌంటరు వెనక కూర్చుని పేపరు మొత్తం చదువుతారు. అందుకే యూరప్ వెళ్తున్నామంటే "చలికాలంలోనా?" అని అందరూ నోరు తెరిచారు గానీ, మాకు ఉన్న కాలం అదొక్కటే.

డబ్బు నాది. అంటే ఐదేళ్లు నేను కట్టిన చీటీ. పెళ్లై ఇరవై ఐదేళ్లయింది కాబట్టి నగ కొనుక్కోమన్నారు మా ఆయన. నాకు మంచు చూడాలని ఉంది అన్నాను. ఆయన రెండు నిమిషాలు నా మొహం చూసి, "సరే, పాపకు ఫోన్ చెయ్" అన్నారు. మా ఇంట్లో కంప్యూటరు పని ఏదైనా పాపదే.

పాప బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. వారం తిరిగేలోపు ఎక్సెల్ షీటు పంపింది. పారిస్‌లో మూడు రాత్రులు, అక్కడి నుంచి రైల్లో స్విట్జర్లాండ్, అక్కడి నుంచి ఆస్ట్రియా. ఏ రైలు ఏ నిమిషానికి, ఏ స్టేషన్లో మారాలి, అన్నీ ఉన్నాయి. టూరు కంపెనీలు చెప్పే ధర కంటే మనిషికి నలభై వేలు తక్కువ. నిజం చెప్పాలంటే ముచ్చటేసింది. పిల్ల ఇంత పని చేయగలదా అనిపించింది. కానీ బస దగ్గర ఒక గడిలో "అపార్ట్‌మెంట్, కిచెన్ ఉంది, అమ్మ రైస్ వండొచ్చు" అని రాసింది. నా కళ్లు ఆ గడి దగ్గరే ఆగిపోయాయి.

తనను తప్పు పట్టడానికి ఏమీ లేదు. చిన్నప్పటి నుంచి తను చూసింది అదే కదా. గోవా వెళ్లినప్పుడు హోటల్ గదిలో కరెంటు కుక్కరు పెట్టి అన్నం వండాను. శ్రీశైలం వెళ్లినా పులిహోర, పెరుగన్నం కట్టింది నేనే. ఎవరి మాత్రలు ఏ సంచిలో ఉన్నాయి, ఛార్జరు ఎవరి దగ్గర ఉంది, తడి తువ్వాలు ఎక్కడ ఆరేయాలి, ఇవన్నీ నాకు తెలిస్తేనే మిగతావాళ్లు హాయిగా సముద్రం చూస్తారు. మీ ఇళ్లలోనూ ఇంతే అయి ఉంటుంది. ఊరు మారుతుంది, వంటింటి తలుపు మనతో పాటే వస్తుంది.

"గ్రూపు టూరులో వెళ్దాం పాపా, అన్నీ వాళ్లే చూసుకునేది" అన్నాను.

"అమ్మా, గొర్రెల మందను తోలినట్టు తోలుకుపోతారు. ఒకడు జెండా పట్టుకుని ముందు నడుస్తాడు, మనం వెనక. ఏం బాగుంటుంది?"

"తోలుకుపోనీ. ఇన్నేళ్లూ నేనే తోలాను."

పాప మూడు రోజులు ఫోన్ చేయలేదు. నాకు బాధగానే ఉండింది. తను రాత్రులు కూర్చుని చేసిన పని అది. అయినా నేను మాట మార్చుకోలేదు.

ఈలోపు ఆళ్లగడ్డ నుంచి మా అత్త సంగతి వచ్చిపడింది. మామ పోయినప్పటి నుంచి అత్త అక్కడే, మా మరిది ఇంటి పక్క వాటాలో ఉంటుంది. అరవై ఏడేళ్లు, ఎడమ మోకాలు నొప్పి. నంద్యాల నుంచి నలభై కిలోమీటర్ల చిల్లర, అయినా నెలకోసారి కంటే ఎక్కువ రాదు. పాప ప్లానులో జేజి లేదు. ఏడు నిమిషాల్లో పెట్టెలు లాక్కుంటూ రైలు మారాలంటే అత్త వల్ల అవుతుందా? గడ్డ కట్టిన ఫుట్‌పాత్ మీద అపార్ట్‌మెంట్ వెతుక్కుంటూ నడవడం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక ఆదివారం ఆళ్లగడ్డ వెళ్లి గ్రూపు టూరు అంటే ఏమిటో వివరంగా చెప్పాను. బస్సు, మేనేజరు, రాత్రికి మన భోజనం.

అత్త అంతా విని, "ఏముంది మ్మే, మన కాశీ బస్సు మాదిరే కదా. వంటోళ్లు వస్తారా?" అంది.

ఎప్పుడో పన్నెండేళ్ల కిందట అత్త, మామ వీధిలో వాళ్లతో కలిసి గ్యాస్ సిలిండరు, బియ్యం మూటలు, వంటవాళ్లతో బయలుదేరిన బస్సులో కాశీ వెళ్లొచ్చారు. ఆ ఇరవై రోజులు అత్త గరిటె పట్టుకోలేదు. ఇప్పటికీ ఆ యాత్ర గురించి చెప్పేటప్పుడు ముందు గంగ గురించి చెప్పదు, పొద్దున్నే చేతికి కాఫీ ఇచ్చేవాళ్లని చెబుతుంది.

ఆ మాటకొస్తే ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరింది మా వైపు నుంచే. అహోబిలం, శ్రీశైలం చూసుకుంటూ వెళ్లారు. సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటర్ ఉద్యోగం చేసిన మనిషి, అన్ని భాషలు వచ్చిన మనిషి, వెంట దాదాపు వంద మందిని పెట్టుకుని వెళ్లారు. తిరిగి రావడానికి పదిహేను నెలలు దాటింది. ఆయన్ను మందలో వెళ్లాడని ఎవరూ అనలేదు. ఈ మాట పాపకు వాట్సాప్‌లో పెడితే నవ్వుతున్న బొమ్మ పంపింది. ఫోన్లు మళ్లీ మొదలయ్యాయి.

ఇక కంపెనీని ఎంచుకోవడం. నాలుగు చోట్ల ధరలు తెప్పించాం. అన్నీ ఒకేలా ఉంటాయి, అన్నిట్లో ఈఫిల్ టవర్ బొమ్మ ఉంటుంది. తేడా చిన్న అక్షరాల్లో ఉంటుంది. "చూపిస్తాం" అంటే బస్సు కిటికీలోంచి చూపించడమా, దిగి ఫొటో తీసుకోవడమా, టికెట్టు కొని లోపలికి తీసుకెళ్లడమా? ఒక్కొక్క చోటికి విడివిడిగా అడిగాను. ఈఫిల్ టవర్ ఎన్నో అంతస్తు దాకా అని కూడా అడిగాను. ఒక చోట ఫోన్ ఎత్తిన అబ్బాయి విసుక్కున్నాడు. వాళ్లను తీసేశాం.

చలికాలానికి ఇంకో లెక్క ఉంది. డిసెంబరు చివర్లో పారిస్‌లో ఎనిమిదిన్నర దాటితే గానీ తెల్లవారదు, ఐదు కల్లా చీకటి. ఉన్న వెలుతురే ఎనిమిది గంటలు. హోటల్ ఊరికి గంట దూరంలో ఉంటే ధర తగ్గుతుంది గానీ ఆ వెలుతురులో రెండు గంటలు బస్సులోనే పోతాయి. అందుకని హోటళ్ల పేర్లు అడిగి, పాప చేత మ్యాపులో దూరాలు చూపించుకున్నాను. పైగా డిసెంబరు 25న చాలా చోట్ల షాపులు, మ్యూజియంలు మూత. లూవ్ర్ కూడా తెరవరు. క్రిస్మస్ సంతలు చాలా ఊళ్లలో 24 కల్లా ఎత్తేస్తారు. "25వ తేదీన ఏం పెట్టారు?" అని అడిగితే చాలు, ఆ కంపెనీకి చలికాలం టూరు తెలుసో లేదో బయటపడుతుంది. మేం ఎంచుకున్నవాళ్లు ఆ రోజు యుంగ్‌ఫ్రావ్ కొండ పెట్టారు, ఆ రైలు పండగ రోజు కూడా నడుస్తుంది కాబట్టి. గాలి ఎక్కువై పైకి పంపకపోతే ఏం చేస్తారని కూడా అడిగి, జవాబు మెయిల్లో రాయించుకున్నాను.

మనిషికి రెండు లక్షల పాతిక వేలు అయింది. దాని మీద టీసీఎస్ అని 5 శాతం కట్టించుకున్నారు. 2025లో ఏడాదికి పది లక్షల దాకా ఆ రేటు, దాటితే 20. ఇది పోయే డబ్బు కాదు, ఎవరి పాన్ మీద కడితే వాళ్లు రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. మనకు పాన్ కార్డు ఉండి రిటర్న్ వేసే అలవాటు లేకపోతే ఆ డబ్బు అక్కడే ఉండిపోతుంది, గుర్తుపెట్టుకోండి. వీసా ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు. వైద్య ఖర్చులకు కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్సు ఉండాలి. కాగితాలన్నీ కంపెనీవాళ్లే సర్దారు గానీ వేలిముద్రలకు మనమే హైదరాబాదు వెళ్లాలి. అత్త వేళ్లు మిషను మీద రెండుసార్లు పెట్టినా పడలేదు. గిన్నెలు తోమి, రోట్లో రుబ్బి అరిగిపోయిన వేళ్లు. అక్కడి అమ్మాయి తడి గుడ్డతో తుడిచి, మెల్లగా నొక్కిపెట్టి మూడోసారి తీసింది.

పెట్టెల్లో బొరుగులు, పప్పుల పొడి, ఎండు జొన్న రొట్టెలు, చింతకాయ తొక్కు. నెయ్యి, కోవా వద్దన్నాను. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి తీసుకుపోకూడదు. అత్త చేసిన కోవా ఆళ్లగడ్డలోనే మరిది పిల్లలు తినేశారు.

వెళ్లొచ్చాం. పాప చెప్పింది కొంత నిజమే. జెండా ఉంది. పొద్దున ఏడున్నరకు బస్సు కదిలేది. నిమిషం ఆలస్యమైతే మేనేజరు మొహం మాడిపోయేది. డ్రైవరు రోజుకు తొమ్మిది గంటలకు మించి నడపకూడదట, నాలుగున్నర గంటలు నడిపితే ముప్పావు గంట ఆపాలట. అక్కడి చట్టం. మనం ఆలస్యం చేస్తే చివర్లో ఒక ఊరు ఎగిరిపోతుంది. మాతో వచ్చిన ఒక కుటుంబానికి అది ఎంతకీ అర్థం కాలేదు. పారిస్‌లో లూవ్ర్ దగ్గర అద్దాల పిరమిడ్ ముందు ఫొటోకే నలభై నిమిషాలు ఇచ్చారు. పాప ముందే టికెట్లు తీసి పెట్టుకుంది. మేనేజరుకు కాగితం రాసిచ్చి, వాళ్ల నాన్నను తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మధ్యాహ్నమంతా చూసి, మెట్రోలో రాత్రి భోజనానికి మమ్మల్ని కలిశారు. మా ఆయన మోనాలిసా గురించి ఇప్పటికీ షాపులో రైతులకు చెబుతున్నారు. ఆ సమయంలో నేను, అత్త సీన్ నది మీద పడవలో కూర్చుని ఉన్నాం. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు.

25న కొండ ఎక్కాం. 3454 మీటర్ల ఎత్తు, కొండలో తొలిచిన సొరంగంలో రైలు. 1912లో వేసిన దారి. ముందుగా డాక్టరును అడిగే అత్తను తీసుకెళ్లాం. అయినా రెండు అడుగులకోసారి ఆగింది. బయట మైనస్ 14. అత్త రెండు జతల సాక్సులు, మామ పాత ఉలెన్ మఫ్లరు వేసుకుంది. పైన మంచుగడ్డ లోపల ఒక గుహ తొలిచి, ఎలుగుబంట్లు, పక్షుల బొమ్మలు చెక్కి పెట్టారు. అత్త పుట్టి పెరిగింది ఆళ్లగడ్డ శిల్పుల వీధికి దగ్గర్లోనే, ఉలి చప్పుడు వింటూ. చేతితో ఒక బొమ్మను తడిమి, "మనోళ్లు రాయి చెక్కితే వీళ్లు నీళ్లు చెక్కినారు" అంది. తర్వాత బయటికి వచ్చి, ఆ తెల్లని మైదానం వైపు చూస్తూ చాలాసేపు నిలబడింది. నేను సంచిలో మందులు వెతకలేదు, నీళ్లు తాగమని చెప్పలేదు. పక్కన నిలబడి నేనూ చూశాను.

సంక్రాంతికి ఆళ్లగడ్డ వెళ్లేసరికి అత్త అరుగు మీద నలుగురు ఆడవాళ్లు ఉన్నారు. సాక్సులు ఎన్ని జతలు కావాలో అత్త చెబుతోంది. అందులో ఇద్దరికి పాస్‌పోర్టు లేదు, ఎక్కడ ఇస్తారని నన్ను అడిగారు. పాప వచ్చే ఏడాది స్నేహితులతో ఇటలీ వెళ్తుందట, ఎక్సెల్ షీటు అప్పుడే మొదలుపెట్టింది. టీసీఎస్ సంగతి మా ఆడిటరుకు ఇప్పటికి రెండుసార్లు గుర్తుచేశాను.