పట్టినవాడే లేపాలి

ఆటలు శరీరానికి బలాన్ని ఇస్తాయని చిన్నప్పుడు మా మాస్టర్లు చెప్పగా విన్నాను. అవి మనసులోని బలహీనతను కూడా బయటపెడతాయని నలభై ఏళ్ళు దాటిన తరువాత గాని నాకు తెలిసిరాలేదు. ఆ సంగతి నాకు తెలియజెప్పినది పన్నెండేళ్ళ మా అమ్మాయి. తెలిసివచ్చిన చోటు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, పిల్లలు ఆడుకొనే ఒక చిన్న మైదానం.

నేను పుట్టి పెరిగినది తెనాలి దగ్గర ఒక పల్లెటూరు. మాకు ఆట అంటే చెడుగుడే. సాయంకాలం బడి విడిచిపెట్టగానే వెనుక ఉన్న ఇసుక బరిలో దిగేవాళ్ళం. చీకటిపడి, అమ్మలు కేకలు వేసేదాకా ఆడేవాళ్ళం. మోచేతులు గీసుకొనేవి, చొక్కాలు చిరిగేవి. అయినా మరునాడు మళ్ళీ అదే బరి. చదువు ముగిసింది. ఉద్యోగం నన్ను సముద్రాలు దాటించింది. మా అమ్మాయి అక్కడే పుట్టి, అక్కడి బడిలో చేరి, తొమ్మిదో ఏట ఒకనాడు సాఫ్ట్‌బాల్ ఆడతానని పట్టుబట్టింది. అది ఏ ఆటో తెలియకుండానే నేను సరేనన్నాను.

సాఫ్ట్‌బాల్ బేస్‌బాల్‌కు చెల్లెలి వంటి ఆట. 1887లో షికాగో నగరంలో, చలికాలంలో ఇంటి కప్పు క్రింద ఆడుకోవడానికి పుట్టింది. తరువాత ఆరుబయటికి వచ్చింది. మన దేశంలో కూడా ఇది పాఠశాల క్రీడలలో ఒకటి. మెత్తదనం పేరులోనే తప్ప బంతిలో లేదు. దాని చుట్టుకొలత 12 అంగుళాలు. గట్టిగా తగిలితే ఎముక నొచ్చుతుంది. మైదానంలో నాలుగు మూలల నాలుగు స్థానాలు ఉంటాయి. ఒక స్థానానికీ మరొక స్థానానికీ మధ్య దూరం 60 అడుగులు. బంతిని కొట్టిన అమ్మాయి ఒక్కొక్క స్థానాన్ని తాకుతూ చుట్టి, బయలుదేరిన చోటికే తిరిగి చేరితే ఒక పరుగు లభిస్తుంది. ఆ చోటును హోం ప్లేట్ అంటారు. అది నేలలో పరచిన తెల్లని రబ్బరు పలక. వెడల్పు 17 అంగుళాలు. ముఖానికి కవచం, ఎదకు కవచం, కాళ్ళకు కవచం తొడుక్కొని ప్రత్యర్థి జట్టు క్యాచర్ అక్కడ కాచుకొని ఉంటుంది. ఒకతె చేరాలి, మరొకతె చేరనీయకూడదు. ఇద్దరికీ కావలసినది ఆ 17 అంగుళాలే. తగవుకు అంతకంటే అనువైన చోటు ఉంటుందా?

అందుకే అక్కడ నియమం పెట్టారు. బంతి చేతిలో లేని క్యాచర్ పరుగెత్తే దారికి అడ్డు నిలబడరాదు. బంతి పట్టుకొని నిలిచిన క్యాచర్‌ను పరుగెత్తే అమ్మాయి నిలువునా ఢీకొనరాదు. నేలమీద జారుతూ పలకను తాకవచ్చు, పక్కగా తప్పుకొని పోవచ్చు, వెనుకకు మరలవచ్చు. అంతే తప్ప గుద్దితే ఔట్. కావాలని గుద్దితే ఆట నుంచే పంపివేస్తారు. ఈ నియమం కాగితం మీద నాకు తెలుసు. ఆట మొదలయ్యే ముందు తల్లిదండ్రులందరి చేతా సంతకం చేయించిన పత్రంలో అది ఉన్నది. నేనూ సంతకం చేశాను.

ఆనాడు ఆఖరి ఇన్నింగ్స్. రెండు జట్లవీ సమానమైన పరుగులు. మా అమ్మాయి మూడవ స్థానంలో నిలబడి ఉన్నది. తోటి పిల్ల బంతిని నేలబారుగా కొట్టింది. మా అమ్మాయి పరుగు తీసింది. ఎదుటి జట్టు పిల్ల ఒకతె బంతిని అందుకొని క్యాచర్‌కు విసిరింది. బంతి ముందే చేరింది. క్యాచర్ దానిని రెండు చేతులా ఎదకు అదుముకొని పలక ముందు నిలబడింది. నేను బల్ల మీది నుంచి లేచి కంచె దగ్గరకు ఉరికాను. "ఆగకు! గుద్దెయ్!" అని తెలుగులో అరిచాను. వంద మంది ఉన్న ఆ మైదానంలో ఆ మాట ఒక్క మా అమ్మాయికే అర్థమవుతుంది.

అర్థమైంది కూడా. జారడానికి వంచిన మోకాలును ఆమె మళ్ళీ నిలబెట్టడం నేను కళ్ళారా చూశాను. భుజం ముందుకు వచ్చింది. క్యాచర్ వెల్లకిల పడింది. బంతి జారి దొర్లిపోయింది. బంతి జారగానే నేను రెండు చేతులూ పైకెత్తి కేరింత కొట్టాను.

అంపైర్ చేయెత్తి ఆట ఆపాడు. మా అమ్మాయి ఔట్ అన్నాడు. ఆట నుంచి తప్పించానని కూడా అన్నాడు. నేను కంచె పట్టుకొని వాదానికి దిగాను. బంతి జారింది గదా అన్నాను. చిన్నపిల్లల ఆటలో ఇంత కఠినమా అన్నాను. ఆయన నా వైపు చూడలేదు. క్రిందపడిన పిల్ల వైపు చూస్తున్నాడు. ఆ పిల్ల లేవలేదు. కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకొని, పెదవి బిగబట్టి, ఏడుపు ఆపుకొంటున్నది.

అప్పుడు ఆ మైదానమంతా నిశ్శబ్దమైంది. ఆటలో ఎవరికైనా దెబ్బ తగిలితే మిగిలిన పిల్లలందరూ ఉన్నచోటనే ఒక మోకాలు నేలకు ఆనించి కూర్చోవడం అక్కడి అలవాటు. దెబ్బ తిన్న పిల్ల లేచేదాకా లేవరు. మన పిల్లలా, వాళ్ళ పిల్లలా అన్న భేదం దానికి లేదు. ఆ జట్టువారు కూర్చున్నారు. ఈ జట్టువారు కూర్చున్నారు. పలకకు రెండడుగుల దూరంలో మా అమ్మాయి కూడా మోకాలు వంచింది. కంచె దగ్గర గొంతెత్తి వాదిస్తూ నిలబడి ఉన్నది నేనొక్కడినే.

ఆ ఆట మేము ఓడిపోయాము. ఎన్ని పరుగుల తేడాతో ఓడామో నాకు గుర్తు లేదు.

తిరుగుదారిలో కారులో చాలాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు. చివరికి మా అమ్మాయే అన్నది: "నాన్నా, నువ్వు అరిచింది నాకు వినిపించింది. ఇంగ్లీషులో అరిచి ఉంటే బాగుండేది. ఆ అమ్మాయి పక్కకు తప్పుకొనేది."

నాకు సమాధానం దొరకలేదు. బిడ్డకు మాతృభాష మరచిపోకూడదని ఇంట్లో పట్టుదలగా తెలుగే మాట్లాడినవాణ్ణి. నేర్పిన ఆ భాషను నేను దేనికి వాడుకొన్నానో తలచుకొంటే సిగ్గుతో తల వంగిపోయింది.

ఆ రాత్రి నాకు మా డ్రిల్లు మాస్టారు జ్ఞాపకం వచ్చారు. చెడుగుడు తాకిడి లేని ఆట కాదు. కూతకు వచ్చినవాణ్ణి నలుగురు కలిసి పట్టవచ్చు, కాళ్ళు లాగవచ్చు, కదలకుండా అదిమి ఉంచవచ్చు. కాని మాస్టారు ఒక కట్టుబాటు పెట్టారు. "పట్టు పట్టండి, దెబ్బ కొట్టకండి. కూత ఆగగానే పట్టినవాడే లేపాలి" అనేవారు. ఒకసారి నేను ఒకణ్ణి పడవేసి, గెలిచిన ఉత్సాహంలో వాణ్ణి ఇసుకలోనే వదిలి గంతులు వేశాను. మాస్టారు ఈల ఊది ఆట ఆపి, నన్ను వెనక్కి పిలిచి, వాణ్ణి చేయిచ్చి లేపించి, ఒంటికి అంటిన ఇసుక దులిపించారు. అప్పటిదాకా మా జట్టుకు ఆ పాయింటు ఇవ్వలేదు. నాకు అది అవమానంగా తోచింది. ఆటకు ఆయన ఇచ్చిన నిర్వచనం అదేనని ఇన్నేళ్ళకు బోధపడింది.

తరువాతి రోజులలో నేను ఈ నియమం వెనుక కథ ఏమిటో తెలుసుకొన్నాను. పెద్దల బేస్‌బాల్‌లో ఈ గుద్దులాటను చాలాకాలం పౌరుషంగా భావించారు. 1970 జూలై 14న సిన్సినాటీలో జరిగిన ఆల్‌స్టార్ పోటీ చివరి క్షణంలో పీట్ రోజ్ అనే ఆటగాడు క్యాచర్ రే ఫాసీని ఢీకొని గెలుపు పరుగు సాధించాడు. అది ప్రదర్శన పోటీ. ముందునాటి రాత్రి ఆ ఇద్దరూ కలిసి భోజనం చేసినవారే. ఫాసీ భుజానికి గాయమైంది. ఒకరి పౌరుషానికి మరొకరు వెల చెల్లించవలసి వచ్చింది. 2011 మే 25న శాన్‌ఫ్రాన్సిస్కో క్యాచర్ బస్టర్ పోజీకి ఇటువంటి తాకిడిలోనే ఎడమకాలి ఎముక విరిగింది. చీలమండ లిగమెంట్లు తెగాయి. ఆ ఏడాది అతడు మరి ఆడలేదు. అటుపై 2014లో పెద్దల ఆటలోనూ నియమం మార్చారు. దారి విడిచి వెళ్ళి క్యాచర్‌ను గుద్దరాదన్నారు. బంతి లేకుండా దారికి అడ్డు నిలువరాదన్నారు. పిల్లలకు పెద్దలు నేర్పవలసిన మర్యాదను పిల్లల ఆట నుంచి పెద్దలు నేర్చుకొన్నట్లయింది.

అదే హోం ప్లేట్ మరొక దృశ్యాన్ని కూడా చూసింది. 2008 ఏప్రిల్ 26న వాషింగ్టన్ రాష్ట్రంలో రెండు విశ్వవిద్యాలయాల మహిళల సాఫ్ట్‌బాల్ పోటీ జరిగింది. వెస్టర్న్ ఆరిగాన్ జట్టు క్రీడాకారిణి సారా టుచోల్‌స్కీ బంతిని కంచె అవతలికి కొట్టింది. ఆమె జీవితంలో అదే మొదటిసారి. ఉత్సాహంలో మొదటి స్థానాన్ని తాకడం మరచి వెనక్కి తిరగబోగా మోకాలు మెలితిరిగి కూలిపోయింది. సొంత జట్టువారు ముట్టుకొంటే ఔట్. బదులు మరొకరిని పంపితే ఆ కొట్టుడు విలువ తగ్గిపోతుందని అంపైర్లు చెప్పారు. అప్పుడు ప్రత్యర్థి జట్టు నుంచి మాలరీ హోల్ట్‌మన్, లిజ్ వాలెస్ అనే ఇద్దరు ముందుకు వచ్చి, ఆమెను చేతుల మీద ఎత్తుకొని, ప్రతి స్థానం దగ్గరా ఆమె పాదాన్ని నేలకు తాకిస్తూ హోం ప్లేట్ దాకా మోశారు. ఆ ఆటలో మోసినవారి జట్టే 4-2 తేడాతో ఓడిపోయింది. కాని ఆ ఓటమిని ఎవరూ ఓటమిగా చెప్పుకోరు.

మరునాటి ఆదివారం మా అమ్మాయి ఆ పిల్ల ఇంటికి వెళ్దామన్నది. మణికట్టు ఎముక చిట్లిందని అప్పటికే తెలిసింది. నేను భయపడుతూనే వెళ్ళాను. పిల్లలు ఇద్దరూ కాసేపు తలలు వంచుకొని నిలబడ్డారు. మా అమ్మాయి క్షమించమన్నది. ఆ పిల్ల సిమెంటు కట్టు ఉన్న చెయ్యి చాచి, దానిమీద సంతకం చేయమన్నది. అంతటితో వాళ్ళ తగవు తీరిపోయింది. పెద్దల తగవు అంత సులువుగా తీరేది కాదు. నేను ఆ తండ్రితో జరిగినదంతా దాచకుండా చెప్పాను. తెలుగులో ఏమని అరిచానో కూడా చెప్పాను. ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, "నేనూ అరిచాను. ఏమైనా సరే, అక్కడి నుంచి కదలకు అన్నాను" అన్నాడు. ఇద్దరు పిల్లల మధ్య 17 అంగుళాల పలక ఉన్నది. వాళ్ళను దాని మీదికి నెట్టినది మా ఇద్దరి గొంతులు.

అంపైర్‌కు క్షమాపణ ఉత్తరం రాశాను. ఆ తరువాత మైదానంలో కంచె దగ్గరకు వెళ్ళడం మానివేశాను.

మరుసటి సంవత్సరం మా అమ్మాయి తానే క్యాచర్ అయింది. మాస్టారి మాట ఆమెకు ఒకనాడు చెప్పాను. "పట్టినవాడే లేపాలి అంటే, ఔట్ చేసిన నేనే లేపాలన్న మాట!" అన్నది. ఒక సాయంకాలం ఎదుటి జట్టు పిల్ల ఒకతె దుమ్ము రేపుతూ పలక మీదికి జారింది. మా అమ్మాయి బంతితో ఆమె కాలును తాకింది. అంపైర్ ఔట్ అన్నాడు. మా అమ్మాయి ముఖకవచం పైకెత్తి, ఎడమచేతిలో బంతి అలాగే ఉంచుకొని, కుడిచెయ్యి చాచింది. ఆ పిల్ల ఆ చెయ్యి పట్టుకొని లేచింది.

నేను దూరంగా కూర్చున్న చోటి నుంచే చప్పట్లు కొట్టాను. ఎవరి కోసం కొట్టారని పక్కనున్నాయన అడిగాడు. ఇద్దరి కోసమూ అన్నాను.