డొంకూరు కరెంటుకి హంబకర్

మా ఆర్కెస్ట్రాలో నా గిటారుని ‘తుమ్మెద’ అనేవారు. మెచ్చుకుని పెట్టిన పేరు కాదు. అమ్మవారి సంబరం రాత్రి సీరియల్ బల్బులు, ట్యూబులైట్ల చోకులు, కొబ్బరితోట వారన జనరేటరు, అన్నీ కలిసి నేను తీగ ముట్టకముందే బాక్సుల్లో గుయ్యిమనేవి. పాటకీ పాటకీ నడుమ యాంకరు మాట్లాడుతుంటే ఊఁ కొట్టేది నా గిటారే.

అది స్ట్రాటోకాస్టర్ నమూనాలో చేసిన చవకరకం. మూడూ సింగిల్ కాయిల్ పికప్‌లే. అయస్కాంతాల చుట్టూ సన్నటి రాగితీగ వేల చుట్లు ఉంటుంది. గిటారు తీగ కదలికని పట్టుకునే ఆ చుట్టే చుట్టుపక్కల కరెంటు వైర్ల 50 హెర్ట్జుల రొదనీ పట్టేస్తుంది. దీనికి మందు నేను పుట్టకముందే కనిపెట్టారు. అమెరికాలో గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సేత్ లవర్ రెండు కాయిల్స్‌ని పక్కపక్కన పెట్టి, ఒకదాని అయస్కాంతం ధ్రువాన్నీ చుట్టునీ రెండో దానికి ఎదురు చేశాడు. తీగ నాదం రెండింట్లోంచీ కలిసొస్తుంది, రొద మాత్రం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. అదే హంబకర్. 1955లో పేటెంటుకి దరఖాస్తు పెడితే 1959లో చేతికొచ్చింది. తర్వాత ఆయనే ఫెండర్ కంపెనీకి మారి చేసిన హంబకర్‌ని 1972లో టెలీకాస్టర్ కస్టమ్ గిటారులో నెక్ (మెడ) దగ్గర బిగించారు. నా గిటారుకీ నెక్ దగ్గర అదే పెడదామనుకున్నాను. కొత్త పిచ్చేమీ కాదన్నమాట.

మా డొంకూరు వైపు మగాళ్లు చెన్నై, పారాదీప్, గుజరాత్‌లో వెరావల్ దాకా చేపల వేట పనికి పోతారు. చెన్నై బోట్లలో చేసే మా చిన్నాన్న సంక్రాంతికి వస్తూ ఒక పాత హంబకర్ కొనుక్కొచ్చాడు. “ఏట్రా, ఈ డబ్బీకా ఇన్ని డబ్బులు?” అంటూ చేతిలో పెట్టాడు.

గిటారు ముందుండే ప్లాస్టిక్ పలకలో నెక్ దగ్గర కన్నం సింగిల్ కాయిల్‌కే సరిపోతుంది. పలక కొయ్యాలి, కింద కర్ర కూడా తొలవాలి. పడవలు బాగుచేసే వడ్రంగి తాత ఉలి పెట్టగానే నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. “కర్రే కదరా గుంటడా, ఏడవదు” అన్నాడు తాత. హంబకర్ పూసలో దారం దూరినంత సరిగ్గా కూర్చుంది.

ఇచ్ఛాపురంలో టీవీ మెకానిక్ వైర్లు అతికించాడు. నెక్ పికప్ ఒక్కటే పెడితే నిండుగా పలికింది. స్విచ్ ఒక మెట్టు జరిపి మధ్య పికప్‌ని కలిపితే మాత్రం నాదం గుల్లయిపోయింది. రెండు పికప్‌ల ఫేజు ఎదురెదురు. హంబకర్ చివరి వైర్లు రెండూ తారుమారు చేసి, తొడుగు లేని వైరుని ఎర్తు మీదే ఉంచితే సర్దుకుంది.

ఇంట్లో చిన్న ఆంప్‌లో రొద లేదు. కానీ కార్డులు వాయిస్తే మందంగా ముద్ద కట్టేవి. నెక్ దగ్గర తీగ ఊపు ఎక్కువ, అందుకే అక్కడ పికప్‌కి గొంతు లావు. పైగా హంబకర్ తీగలో ఎక్కువ మేర వింటుంది కాబట్టి పదును ఇంకా తగ్గుతుంది. పదును నిలవడానికి 250 కిలో ఓముల వాల్యూమ్ పాట్ తీసి 500ది వేయించాను, లావు తీగల వైపు పికప్‌ని బాగా కిందికి దించాను. అప్పటికి దారికొచ్చింది. నిదానంగా సాగే పాటలో స్వరాన్ని లాగి ఊపుతుంటే మాత్రం ఆ సుఖమే వేరు. పాలకొల్లు మాండలిన్ విద్వాంసుడు శ్రీనివాస్ గమకాల కోసం మామూలు మాండలిన్ వదిలి కరెంటు మాండలిన్ ఎందుకు పట్టాడో నాకు అప్పుడు చేతికి తెలిసింది.

అసలు పరీక్ష సంబరం రోజున. స్టేజీ మీద పెద్ద బాక్సులు, వీధి చివర్లో కొబ్బరిచెట్లకి కట్టిన బాకాలు. బాక్సుల్లో నా గిటారు కీబోర్డు బేస్‌లో కలిసిపోయి ఎవరికీ వినపడలేదు. అదే నాదం బాకాల్లో గాయకుడి గొంతంత స్పష్టంగా ఉందని ఇంట్లో కూర్చుని విన్న అత్తలు చెప్పారు. కారణం ఉంది: బాకా మంద్ర ధ్వనిని వదిలేస్తుంది, కీచుని పెంచుతుంది. సింగిల్ కాయిల్ అందులో చెవులు కోస్తుంది, నెక్ హంబకర్‌కి ఆ కోతే వైద్యం. కాబట్టి నా తీర్పు ఇది: మెలొడీకి నెక్ హంబకర్, తాళం కార్డులకి వెనక బ్రిడ్జ్ దగ్గర సింగిల్ కాయిల్.

రొద పూర్తిగా పోయిందా అంటే, చాలావరకే. తీగ మీంచి చెయ్యి తీస్తే సన్నటి జిరజిర వచ్చేది. అది పికప్‌ది కాదు, ఎర్తుది. ఒడ్డున పొడి ఇసకలో దిగ్గొట్టిన ఎర్తు రాడ్డు ఏం పట్టుకుంటుంది? తడి తగిలేదాకా తవ్వి, మళ్లీ దించి, ఉప్పునీళ్లు పోస్తే తగ్గింది. గిటారు తీగలు బ్రిడ్జ్ ద్వారా ఎర్తుకే కలిసి ఉంటాయి. వాయిస్తూ పాడేవాళ్లకి పెదవి మైకుకి తగిలి చురుక్కుమంటే దాన్ని ఏ హంబకరూ ఆపలేదు. స్టేజీ ఎక్కే తమ్ముళ్లారా, పికప్‌కి డబ్బు పెట్టేముందు ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్తు చూపించుకోండి.