బెంగళూరా, పల్లెటూరా?

మా పెద్దలకు పెళ్లిళ్లు ఉండేవి గానీ పెళ్లిరోజులు ఉండేవి కావు. ఫలానా వారి పెళ్లి ఎప్పుడయిందని అడిగితే మా అనంతపురం జిల్లాలో తేదీ చెప్పేవాళ్లు అరుదు. కరువు చెప్పేవాళ్లు. "గంజి కరువు మరుసటి ఏడు" అన్నారంటే, ఊరూరా గంజి కేంద్రాలు పెట్టింది 1952లో కాబట్టి, 1953 అని మనమే వేళ్లు మడిచి లెక్కగట్టుకోవాలి. మా అమ్మ పెళ్లి సరిగ్గా ఆ ఏడే అయింది. ఆ పెళ్లిని గురించి మా బంధువర్గంలో ముప్ఫయ్యేళ్లు నిలిచిపోయిన ప్రశంస ఒక్కటే: "మూడు బంతులకూ వరి అన్నమే పెట్టినారు!" నగలూ, మేళమూ, పట్టుచీరలూ ఎవరికీ గుర్తులేవు.

మా పెళ్లికి కరువు గుర్తు లేదు గానీ ఎన్నికల గుర్తు ఉంది. 1985 ఫిబ్రవరి. మార్చిలో శాసనసభ ఎన్నికలు. ఎన్.టి. రామారావుగారు మా జిల్లాలోని హిందూపురం నుంచి నిలబడిన ఏడది. ఇంకేముంది, జిల్లాలో నాలుగు చక్రాలున్న ప్రతి బండికీ జెండా ఎక్కింది. మగపెళ్లివారమై ఉండీ మాకు ఒక్క జీపు దొరకలేదు. చివరికి చెనక్కాయల మూటలు తోలే లారీలో పెళ్లికి తరలివెళ్లాం. తిరుగు ప్రయాణంలో పెళ్లికూతురు డ్రైవరు పక్కన ముందు సీట్లో దర్జాగా కూర్చుంది. పెళ్లికొడుకునైన నేను వెనక గోనెసంచుల మీద. దాంపత్యంలో ఎవరి స్థానం ఎక్కడో ఆనాడే ఖాయమైందని మా బావమరిది ఇప్పటికీ అంటుంటాడు.

ఆ లెక్కన మొన్న 2025 ఫిబ్రవరికి నలభై ఏళ్లు నిండాయి. పిల్లలిద్దరూ ఫోను చేసి, "ఎక్కడికైనా పోయి రండి నాయనా, ఖర్చు మాది" అన్నారు. ఖర్చు వాళ్లదే, సరే. ఎక్కడికన్నది తేల్చుకోవలసింది మేమిద్దరం. దానికి పదిహేను రోజులు పట్టింది.

మీరు తప్పకుండా ఒకటి ఊహించి ఉంటారు. నేను అనంతపురం పాతూరులో పుట్టి, టవర్ క్లాక్ గంట వింటూ పెరిగి, ముప్ఫయ్యేళ్లు ఫైళ్ల మధ్య బతికినవాణ్ణి. ఆవిడ కదిరి అవతల ఒక పల్లెలో పుట్టిన రైతు బిడ్డ. కాబట్టి నేను పట్నం అంటాను, ఆవిడ పల్లె అంటుంది అని. సరిగ్గా తలకిందులు. నాకు పల్లె కావాలి. వేపచెట్టు కింద నులకమంచం, రాగిసంగటిలోకి చెనక్కాయల ఊరుబిండి, రాత్రి ఆకాశం నిండా చుక్కలు. ఈ ముచ్చట చెప్పగానే మా ఆవిడ చేటలో బియ్యం పక్కన పెట్టి నావైపు జాలిగా చూసింది.

"ఆ మంచం మింద పండుకోనేదానికి ముందు కాళ్లు కడుక్కోవాల గదా. ఆ నీళ్లు ఎవురు తెచ్చినారో మీకు తెల్సా?"

తర్వాత ఆవిడ చెప్పింది. వాళ్ల ఊళ్లో దిగుడుబావి. వేసవిలో అడుగున చాప వెడల్పు తడి మిగిలేది. తెల్లవారుజామున మూడింటికి బిందెలు వరసగా పెట్టుకుని, ఊట ఊరేదాకా మెట్ల మీదే కునికిపాట్లు పడి, చిప్పతో తోడి బిందె నింపుకుని, నలభై మెట్లెక్కి ఇంటికి మోసుకుపోవడం. ఎనిమిదేళ్ల వయసు నుంచి పెళ్లయ్యేదాకా. "పల్లె అంటే మీకు చుక్కలు. నాకు నడుం నొప్పి" అంది. పల్లె అందాల మీద పాటలు రాసిన మహానుభావులందరూ మగవాళ్లేనన్న సంగతి నాకు అప్పుడే తట్టింది. వాళ్లలో ఎంతమంది బిందె ఎత్తారో!

మా నేల తీరే అంత. నైరుతి రుతుపవనం పడమటి కనుమల మీదనే కుండ బోర్లించి, వట్టి చేతులతో మా పీఠభూమి ఎక్కుతుంది. పోనీ ఈశాన్యమా అంటే సముద్రం ఎక్కడో తూర్పున ఉంది. మా దాకా వచ్చేసరికి గరిటె గిన్నె అడుక్కు తగులుతుంది. పొడుగాటి బంతిలో రెండు కొసల నుంచీ వడ్డన మొదలుపెడితే, ఇద్దరి బకెట్లూ ఖాళీ అయ్యే చోట ఒక ఆకు ఉంటుంది చూడండి, అదీ అనంతపురం. ఏడాది మొత్తానికి రమారమి 550 మిల్లీమీటర్లు. అదైనా పూతకు ఒకటి, ఊడకు ఒకటి చొప్పున వేళకు పడితే చెనక్కాయ పండుతుంది. పడకపోతే కట్టె మిగులుతుంది, పశువులకు.

కట్టె కూడా మిగలని ఏడు బెంగళూరు. మా జిల్లాకు రాజధానులు మారుతూ వచ్చాయి. మద్రాసు అన్నారు, 1953లో కర్నూలు అన్నారు, 1956లో హైదరాబాదు అన్నారు, తర్వాత అమరావతి అన్నారు. కదిరి, హిందూపురం, మడకశిర పల్లెల్లో కూలి జనానికి మాత్రం ఎన్నడూ ఒకటే రాజధాని. కోత అయిపోగానే రాగిపిండి మూట, ఒక చాప, చంకలో చిన్నబిడ్డ. పెద్దపిల్లలు అవ్వ దగ్గర. మా బావమరిది అలా పదేళ్లు పోయాడు, సిమెంటు తట్టలు మోయడానికి. ఎన్ని మేడలకు కూలి చేశాడో అతనికే లెక్క తెలీదు.

మా ఆవిడ బెంగళూరు చూసింది రెండేసార్లు. ఒకసారి అన్నకు రాగిపిండి ఇవ్వడానికి, ఒకసారి మా చిన్నవాడి కంటి వైద్యానికి. రెండుసార్లూ బస్సు దిగీ దిగకముందే తిరుగు బస్సు ఎక్కడ దొరుకుతుందన్న ఆదుర్దా. వాళ్లన్న పని లేని ఆదివారాలు లాల్‌బాగ్‌లో చెట్టు కింద పడుకునేవాడట. ఇంటికొచ్చినప్పుడు ఆ నీడ గురించి చెల్లెలికి కథలు కథలుగా చెప్పేవాడట. "నాకేం కొనిపెట్టొద్దు. ఆ తోటలో పొద్దస్తమానం ఊరికే కూర్చోవాల. అంతే" అంది. నలభై ఏళ్లలో ఆవిడ నన్ను నోరు తెరిచి అడిగినవి నాలుగుంటాయేమో. ఈ ఐదోదానికి అడ్డం చెప్పే ధైర్యం నాకు లేదు. అలాగని నా వేపచెట్టు వదులుకోవడానికీ మనసొప్పలేదు.

సరే, కాగితం తీసి నడుమ గీత గీశాను. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆవిడ గడిలో లాల్‌బాగ్ ఒక్కటే. నా గడిలో పదకొండు ఊళ్లు. తాడిపత్రి గుళ్లన్నాను, బెంగళూరు దక్షిణాన ఉంటే ఉత్తరానికెందుకు పోవాలంది. గుత్తి కోటన్నాను, నా మోకాళ్ల వైపు చూసి ఊరుకుంది. అయితే తిమ్మమ్మ మర్రిమాను చూద్దాం, ఐదెకరాల మేర పరుచుకున్న చెట్టు, 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది, పైగా మీ కదిరి పక్కనే కదా అన్నాను.

"తిమ్మమ్మ మొగునితో సహగమనం చేసిందని గదా ఆ చెట్టు కథ! నలభయ్యో పెండ్లిరోజుకు నన్ను అక్కడికి తీసకపోతాండారా?"

ఆ ఊరు కొట్టేశాను.

ఈలోగా మా అమ్మాయి మధ్యేమార్గం కనిపెట్టింది. బెంగళూరు పొలిమేరల్లో పల్లెటూరి వాతావరణం సృష్టించిన రిసార్టు ఒకటి ఉందట. అమ్మకు పట్నం, నాయనకు పల్లె. దాని కరపత్రం ఫోనుకు పంపింది. ఎద్దుబండి సవారీ, మట్టికుండలో వంట, వేపచెట్టు, అన్నీ ఉన్నాయి. చివరి వరుస నేను పైకే చదివాను: అతిథులు స్వయంగా గిలకబావి నుంచి నీళ్లు తోడుకునే మధురానుభూతి. మా ఆవిడ నవ్విన నవ్వుకు పక్కింటివాళ్లు తలుపు తీశారు. "రోజుకు ఆరు వేలు ఇచ్చి బావిలో నీళ్లు తోడాల్నా? మా ఊర్లో నేను తోడిన నీళ్లకు లెక్కగడితే ఆ రిసార్టు కొనెయ్యొచ్చు!"

చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. కారు మాట్లాడుకుని 44వ నంబరు రోడ్డు మీద దక్షిణానికే పోవాలి. దారిలో తగిలే పల్లెలు నావి, దారి చివరి పట్నం ఆవిడది. నా పల్లెల్లో ఆవిడ పని చెయ్యదు. ఆవిడ పట్నంలో నేను గొణగకూడదు.

పెనుకొండ దగ్గర నేను కోట చూడాలనుకున్నాను. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులు వచ్చి తలదాచుకున్న కొండ అది. కానీ అక్కడ కారు ఆపించింది ఆవిడ, గొల్లపల్లి జలాశయం చూడాలని. శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా కాలువల్లో ఎత్తిపోసుకుంటూ తెచ్చిన కృష్ణనీళ్లు. కట్ట మీద నిలబడి ఆవిడ ఏమీ మాట్లాడలేదు. పది నిమిషాల తర్వాత, "ఇంత లోతు ఉంటాదా?" అని మాత్రం అడిగింది. దక్షిణంగా కాస్త పోతే 2019 నుంచి కార్లు తయారవుతున్న కియా ఫ్యాక్టరీ. ఆ పక్క పల్లెల కుర్రాళ్లు కొందరు ఇప్పుడు మూట కట్టకుండానే పనికి పోతున్నారు. బెంగళూరు బస్సులు మాత్రం ఖాళీగా పోవడం నేను చూడలేదు.

రాత్రి లేపాక్షిలో ఉన్నాం. 2022లో జిల్లా రెండయ్యాక లేపాక్షి, పెనుకొండ, కదిరి అన్నీ శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి. అంటే ఆవిడ పుట్టిల్లు ఇప్పుడు పరాయి జిల్లా. మా ఇద్దరి మధ్యా సరిహద్దు పడిందని ఆ మధ్య నేను వేళాకోళం చేస్తే ఆవిడ నవ్వలేదు కూడా.

లేపాక్షి గుడిలో అందరూ వేలాడే స్తంభం కింద తుండుగుడ్డ దూర్చి లాగుతుంటే, మా ఆవిడ లతామంటపంలో చిక్కుకుపోయింది. స్తంభాల మీద తీగలు, పువ్వులు, హంసలు, దేనికదే వేరు. ఆ అచ్చులు పట్టుచీరల అంచులకు ఎక్కాయని అంటారు. ధర్మవరం మగ్గాల జిల్లా ఆడపడుచు కదా, పూజారితో కంటే రాతితోనే ఎక్కువసేపు మాట్లాడింది. "ఇది మా అమ్మ చీర అంచు" అని ఒకదాని మీద చెయ్యి పెట్టింది. ఆ పక్కనే కల్యాణమంటపం. పార్వతీ పరమేశ్వరుల పెళ్లి కోసం మొదలుపెట్టి పూర్తికాకుండా ఆగిపోయిన మంటపం. అచ్యుతదేవరాయల కోశాధికారి విరూపణ్ణ రాజు సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని నింద పడితే, తన కళ్లు తానే పెరికి గోడకేసి కొట్టాడని కథ. స్తంభాలు నిలబడ్డాయి, దేవతలు పెళ్లికి వచ్చి నిలబడ్డారు, పైకప్పు లేదు. ఎండకూ వానకూ అక్కడ ఐదు వందల ఏళ్లుగా పెళ్లి జరుగుతూనే ఉంది. "మన లారీ పెండ్లే నయం, టార్పాలిన్ అన్నా ఉండె" అంది ఆవిడ.

మర్నాడు పొద్దున చిలమత్తూరు పక్కన వీరాపురం. ఇది పూర్తిగా నా గడిలోది, ఇక్కడ నేను గెలిచాను. ఊళ్లోని చింతచెట్ల నిండా కొంగలు. పసుప్పచ్చ ముక్కులు, రెక్కల కొసన గులాబి రంగు. ఎర్రకాళ్ల కొంగలంటారు. ఇవి సైబీరియా నుంచి వస్తాయని ఒకాయన ఘంటాపథంగా చెప్పాడు. నిజానికి ఈ జాతి కొంగలు మన దేశంలోనే చెరువు వెతుక్కుంటూ తిరిగే పక్షులు, అచ్చం మా జనంలాగే. గుడ్లు పెట్టి పిల్లల్ని సాకేందుకు ఏటా ఈ ఊరు చేరతాయి. ఊరివాళ్లు వాటిమీద రాయి వెయ్యనివ్వరు. ఇళ్ల మీద రెట్టలు, రాత్రంతా ముక్కుల టకటక, అన్నీ ఓర్చుకుంటారు.

మా ఆవిడ తల పైకెత్తి చానాసేపు చూసింది. "కాన్పుకొచ్చిన కూతుర్లు" అంది. తర్వాత చిన్నగా, "నా మొదటి కాన్పు ఎండాకాలం. నాకు, బిడ్డకు నీళ్లకని మా అమ్మ దినానికి పన్నెండు బిందెలు మోసింది. నన్ను ఒక్కటి ముట్టనియ్యలేదు" అంది. ఈ మాట నలభై ఏళ్లలో నాకు ఎప్పుడూ చెప్పలేదు. కారెక్కాక చాలా దూరం ఇద్దరం మాట్లాడుకోలేదు. డ్రైవరు కుర్రాడు మేం దెబ్బలాడుకున్నామనుకుని పాత పాటలు పెట్టాడు.

బెంగళూరు ట్రాఫిక్ గురించి గొణగనని మాటిచ్చాను కాబట్టి రాయను. లాల్‌బాగ్ 1760లో హైదరాలీ మొదలుపెట్టించిన తోట, ఇప్పుడు 240 ఎకరాలు. నాకు ఆ తోటలో నచ్చింది చెట్టు కాదు, గుండు. లోపల పెద్ద రాతి గుట్ట ఒకటి ఉంది. మూడు వందల కోట్ల ఏళ్లు దాటిన రాయి అని భూగర్భ శాస్త్రజ్ఞులు బోర్డు పెట్టారు. మా అనంతపురం గుట్టలదీ ఆ వంశమే. ఎక్కి కూర్చుంటే మా ఊరి కొండమీద కూర్చున్నట్టే ఉంది. పట్నం నడిబొడ్డున నా పల్లె నాకు దొరికింది.

ఆవిడ దూరంగా ఒక పెద్ద చెట్టు కింద బెంచీ మీద కూర్చుంది. తలలో మల్లెపూలు, ఒళ్లో ఖాళీ చేతులు. ఊరికే. నేను పైనుంచి చూస్తూనే ఉన్నాను. గంట గడిచింది. ఉన్నట్టుండి లేచి గబగబా నడిచింది. ఏమైందోనని నేనూ గుండు దిగి వెళ్లాను. తోటమాలి ఒకడు రబ్బరు పైపు పాదులో వదిలేసి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. పాదు నిండి నీళ్లు బాటమీదికి పారుతున్నాయి. మా ఆవిడ తనకొచ్చిన కన్నడంలో, "అణ్ణా, నీరు సుమ్నె హోగ్తా ఇదె" అంటోంది. నీళ్లు ఊరికే పోతున్నాయని.

అతను పరుగున పోయి కొళాయి కట్టేసి వచ్చి తెలుగులో అన్నాడు: "మాది మడకశిర తల్లీ. మీదే ఊరు?"

అనంతపురం అంటుందనుకున్నాను. కదిరి అవతల ఆ పల్లె పేరు చెప్పింది.

"ఈ యేడు మీ చెరువుకు నీళ్లొచ్చినాయా?" అని అతనడిగాడు. ఇక ఇద్దరూ మొదలుపెట్టారు. తోట గేటు దాటి కాస్త పోతే 1924 నాటి ఎం.టి.ఆర్. హోటలు. యుద్ధకాలంలో బియ్యం కరువైతే రవ్వతో ఇడ్లీ చేసింది వాళ్లేనంటారు. కరువులో పుట్టిన ఆ ఇడ్లీని మా పెళ్లిరోజు విందుగా ముందే ఖాయం చేసుకున్నాం. వేళ దాటిపోతోందని నేను రెండుసార్లు గుర్తు చేశాను. వాళ్లు అప్పటికి బోర్ల లోతు దాకా వచ్చారు.