మేడ మీద కత్తిపీట

మొన్న ఆదివారం పొద్దున్న ఒక టేకు ముక్కకి గాడి తీశాను. అడుగున్నర పొడుగు, 6 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. లోతు. వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి, ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాను. ఎక్కడా వంకర లేదు. లోతు మారలేదు. అంచున నార లేవలేదు. ఇది నా చేతి పనేనా అని ఇంకో ముక్క తీసుకుని ఇంకో గాడి తీశాను. అదీ అంతే. భోజనానికి రెండోసారి పిలుపొచ్చేసరికి మేడ మీద గదిలో ఉన్న తుక్కు ముక్కలన్నిటికీ గాడులు పడ్డాయి. వాటిని బల్ల మీద వరసగా పేర్చి, అన్నం తిని వచ్చి, మళ్ళీ చూసుకున్నాను.

రౌటర్ టేబుల్ అనే వస్తువు లోకంలో ఎప్పటి నుంచో ఉంది. నాకు తెలిసింది మాత్రం రెణ్ణెల్ల కింద. తెలిసిన దగ్గర్నుంచీ కనపడ్డ వాళ్ళందరికీ చెబుతున్నాను. మీకూ చెప్పాలి.

ముందు ట్రిమ్మరు సంగతి. చెక్కకి గాడులు తీసి, అంచులు దిద్దే మిషను రౌటరు; ట్రిమ్మరు దానిలో చిన్నది. మన వడ్రంగుల సంచిలో చాలామంది దగ్గర ఉంటుంది. అతికించిన సన్‌మైకా అంచుల్ని ప్లైకి సమంగా కొయ్యడం దాని రోజువారీ పని. చేతిలో ఇమిడే మోటారు, 500 వాట్లకి కాస్త పైన, నిమిషానికి 30,000 చుట్లు. ఇంటి దగ్గర వడ్రంగం మొదలుపెట్టినప్పుడు నేనూ ఒకటి కొన్నాను. మూడేళ్ళు దాన్ని అందరూ పట్టుకున్నట్టే పట్టుకున్నాను: చెక్క కింద, మిషను పైన. పెద్ద పలక మీద బాగానే నడుస్తుంది. సన్నటి బద్ద అంచుకి గాడి తియ్యాలంటేనే ప్రాణం మీదికొస్తుంది. బద్ద మందం 18 మి.మీ., దాని మీద కూర్చోవాల్సిన ట్రిమ్మరు అడుగు అరచెయ్యంత. రవ్వంత పక్కకి వాలిందా, గాడి గోడ కొరుక్కుపోతుంది. బద్ద కదలకుండా క్లాంపు బిగిస్తే ఆ క్లాంపే దారికి అడ్డం. సగం తీసి, ఆపి, క్లాంపు మార్చి, మిగతా సగం తీస్తే రెండు సగాలు కలిసిన చోట ఒక మెట్టు. ఆ మెట్టుని ఉలితో దిద్దుతూ ఎన్ని సాయంత్రాలు కూర్చున్నానో.

అలాంటి రోజుల్లో తలుపు బీడింగు కోసం ఒక ఫర్నిచర్ షెడ్డుకి వెళ్ళాను. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఒక బల్ల ముందు నిలబడి సన్న బద్దల్ని ఒకదాని వెనక ఒకటి తోస్తున్నాడు. కుడి వైపు నుంచి మామూలు బద్ద వెళ్తోంది, ఎడమ వైపు నుంచి అంచు గుండ్రం తిరిగిన బీడింగు వస్తోంది. రెండు చేతులూ చెక్క మీదే ఉన్నాయి. చేతిలో మిషను లేదు.

"మోటారు ఎక్కడ తమ్ముడూ?" అన్నాను.

"కింద ఉంది సార్. తిరగేసి బిగించాం."

వంగి చూశాను. రౌటరు బల్లకి తలకిందులుగా వేలాడుతోంది. చెక్కని కోసే బిట్టు మాత్రం బల్లకి చేసిన చిల్లులోంచి వేలి కణుపంత పైకొచ్చి తిరుగుతోంది. అంతే! మూడేళ్ళుగా నేను మిషనుని పట్టుకుని చెక్క మీదికి వెళ్తున్నాను. ఇక్కడ చెక్కే మిషను దగ్గరికి వస్తోంది. బీడింగు కొన్నానో లేదో కూడా గుర్తు లేదు. ఇంటికొచ్చి అమ్మకి చేతులు తిప్పుతూ వివరించాను. ఆవిడ వంకాయలు తరుగుతూ వింది. విని, "అదేముందిరా, కత్తిపీట" అంది.

నేను అక్కడే కూలబడ్డాను. నిజమే కదా. కత్తి నిలబడి ఉంటుంది, రెండు చేతులూ కాయకి దొరుకుతాయి. వంకాయనైనా గుమ్మడికాయనైనా తిప్పుకుంటూ, చూసుకుంటూ, కావలసిన మందానికి తరుక్కోవచ్చు. ఏటికొప్పాక లక్కబొమ్మల దగ్గర అంకుడు కర్ర తిరుగుతుంది, ఉలిని చెయ్యి పట్టుకుంటుంది. ఈ బల్ల మీద ఉలి తిరుగుతుంది, కర్రని చెయ్యి నడుపుతుంది. పుట్టినప్పటి నుంచీ వంటింట్లో చూస్తున్న కిటుకు వడ్రంగంలో నాకు తట్టనే లేదు.

ఆ రాత్రే కాగితం మీద గీతలు గీశాను. అల్మారా పనికి తెచ్చి మిగిలిన 18 మి.మీ. ప్లై ఉంది. పైపలక 24 అంగుళాల పొడుగు, 16 అంగుళాల వెడల్పు. అడుగెత్తు పక్క పలకలు రెండు, వెనక అడ్డపలక ఒకటి. పని ఉన్నప్పుడు పెద్ద బల్ల మీద పెట్టి క్లాంపు బిగించుకోవడం, లేనప్పుడు మంచం కిందికి తొయ్యడం. పైపలకకి పైనా కిందా 1 మి.మీ. సన్‌మైకా వేశాను. పైన ఎందుకంటే చెక్క దాని మీద జారాలి. కింద కూడా ఎందుకో మా వీధి మేస్త్రి చెప్పాడు: "ఒక్క వైపే అతికిస్తే పలక వంగుద్ది సార్. రెండు పక్కలా ఉంటేనే నిలబడుద్ది." బల్ల వంగితే గాడి లోతూ వంగినట్టే. అందుకని బల్ల సాపు కోసం పడ్డ పాటు ఇంకే భాగానికీ పడలేదు. స్టీలు స్కేలు అంచు మీద నిలబెట్టి, వెనక టార్చి వెలిగించి, కింద నుంచి వెలుతురు ఎక్కడ తొంగిచూస్తుందో వెతికి వెతికి సరిచేశాను.

ట్రిమ్మరుని నేరుగా ప్లైకే బిగిస్తే ఓ చిక్కుంది. బిట్టే చిన్నది. అందులో 18 మి.మీ. ప్లై మందానికే ఖర్చైపోతే పైకి వచ్చేదేమీ ఉండదు. సైన్‌బోర్డులు చేసే కొట్లో 6 మి.మీ. యాక్రిలిక్ తుక్కు ముక్క అడిగి తెచ్చుకున్నాను. ట్రిమ్మరు అడుగున ఉండే ప్లాస్టిక్ పలక విప్పి, దాన్నే అచ్చుగా పెట్టి స్క్రూ చిల్లులు గుర్తు పెట్టాను. యాక్రిలిక్‌కి డ్రిల్లు నెమ్మదిగా తిప్పాలి. వేగంగా తిప్పితే కరిగి బిట్టుకి అంటుకుంటుంది. స్క్రూ తలలు పైకి తగలకుండా లోపలికి దిగాలి.

ఇక ఆ యాక్రిలిక్ ముక్క కూర్చోవడానికి పైపలకలో 6 మి.మీ. కన్నా రవ్వంత ఎక్కువ లోతు పల్లం కావాలి. ముక్కని పలక మీద పెట్టి, చుట్టూ నాలుగు బద్దలు ఆనించి అంటించి, ముక్క తీసేసి, బేరింగు ఉన్న బిట్టుని ఆ బద్దల వెంట నడిపాను. ఆ పల్లం తీసింది ఆ ట్రిమ్మరే. తన గూడు తనే తొలుచుకుంది! పల్లం మూలల్లో నాలుగు చిన్న స్క్రూలు పెట్టాను. వాటిని విప్పుతూ బిగిస్తూ యాక్రిలిక్‌ని సన్‌మైకాకి సమం చేసుకోవచ్చు. గోరు పెట్టి గీస్తే రెంటి మధ్య అతుకు తెలియకూడదు. స్విచ్చి బల్ల కిందే ఉండిపోతుంది కనుక ముందు వైపు, చూడకుండానే చెయ్యి అందే చోట, వేరే స్విచ్చి పెట్టాను. బిట్టు మార్చేటప్పుడు మాత్రం స్విచ్చి చాలదు, ప్లగ్గే పీకాలి.

ఇప్పుడు ఫెన్సు. చెక్కని ఆనించి నడిపే నిటారు గోడ అది. నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపెట్టింది ఇదే. ఫెన్సు బల్ల అంచుకి సమాంతరంగా ఉండాలని, రెండు చివరలూ కొలుస్తూ జరపాలని, దానికి పట్టాలూ స్కేళ్ళూ కావాలని భయపడ్డాను. ఏమీ అక్కర్లేదు. బిట్టు గుండ్రంగా తిరిగే ఒక చుక్క లాంటిది. చుక్కకి దిక్కు ఉండదు. గోడ ఎంత ఏటవాలుగా ఉన్నా, చుక్కకీ గోడకీ మధ్య దూరం ఒక్కటే లెక్క. చెక్క ఆ గోడ వెంట నడిచినంత సేపూ గాడి దాని అంచుకి సమాంతరంగానే పడుతుంది. కావాలంటే కాగితం మీద గీసి చూడండి, నేను నాలుగు సార్లు గీశాను.

అందుకని నా ఫెన్సు ఒక తిన్నటి టేకు పట్టె మాత్రమే. ఎడమ చివర ఒక్క బోల్టు, కుడి చివర ఒక్క క్లాంపు. బోల్టు చుట్టూ తలుపులా తిరుగుతుంది. ఇంకో అందం చూడండి: బిట్టు ఇంచుమించు మధ్యలో ఉంది కనుక కుడి చివరని 1 మి.మీ. జరిపితే బిట్టు దగ్గర కదిలేది అర మి.మీ.యే. పాత పోస్టుకార్డు ఒకటి చివర ఆనించి, ఫెన్సుని దానికి చేర్చి బిగిస్తే, కార్డు మందంలో సగం కదులుతుంది. ఒక బోల్టుతో ఇంత సూక్ష్మం!

చెక్కని ఏ దిక్కు నుంచి తొయ్యాలి అన్నది మాత్రం ప్రాణం పెట్టి గుర్తుంచుకోవాలి. చేతిలో పట్టుకున్నప్పుడు రౌటరు బిట్టు పైనుంచి చూస్తే గడియారం ముల్లులా తిరుగుతుంది. తిరగేసి బిగించాం కదా, బల్ల మీద నుంచి చూస్తే ముల్లుకి ఎదురు తిరుగుతుంది. ఫెన్సు బిట్టుకి అవతల, మనం ఇవతల. అప్పుడు చెక్క కుడి నుంచి ఎడమకే వెళ్ళాలి. అలా వెళ్తే బిట్టు చెక్కకి ఎదురొచ్చి, దాన్ని ఫెన్సు వైపే నొక్కుతుంది; చేతికి ఒక హాయైన బరువు తెలుస్తుంది. ఒకసారి తొందరలో ఎడమ నుంచి పెట్టాను. ముక్క నా చేతిలోంచి విదిలించుకుని వెళ్ళి గోడకి కొట్టుకుంది. వేళ్ళకి ఏమీ కాలేదు. ఆ సాయంత్రం యాక్రిలిక్ మీద ఎర్ర పెయింటుతో ఎడమ వైపు చూసే బాణం వేశాను. వేళ్ళు దగ్గరికి వెళ్ళకుండా తోపుడు కర్ర ఒకటి చేసుకున్నాను. బిట్టుకీ ఫెన్సుకీ మధ్య సందులోంచి చెక్కని ఎన్నడూ దూర్చకూడదన్నది ఇంకో నియమం.

బిట్ల కొనుగోలులో ఒక్క మాట. కొట్లో 6 మి.మీ. కాడ బిట్లూ ఉంటాయి, పావు అంగుళం కాడ బిట్లూ ఉంటాయి. పావు అంగుళం అంటే 6.35 మి.మీ. కంటికి రెండూ ఒకటే. బిట్టు కాడని పట్టి బిగించే పావు అంగుళం కాలెట్‌లో 6 మి.మీ. బిట్టు పెడితే ఎంత బిగించినా జారుతుంది, 30,000 చుట్ల దగ్గర జారడం అంటే ఊహించుకోండి. వెర్నియర్ జేబులో పెట్టుకుని కొట్టుకి వెళ్ళండి.

వేగం లెక్క వేసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. బిట్టుకి రెండు అంచులు. నిమిషానికి 30,000 చుట్లంటే సెకనుకి 1,000 కోతలు. నేను సెకనుకి 5 సెం.మీ. చొప్పున చెక్కని తోస్తే ఒక్కో కోత తీసేది 0.05 మి.మీ. పుస్తకం కాగితంలో సగం మందం! చిత్రిక పట్టినట్టు గాడి లోపల నునుపు ఎలా వచ్చిందో అప్పుడు అర్థమైంది. మధ్యలో ఆగితే ఎందుకు మాడుతుందో కూడా. తియ్యడానికి కొత్త చెక్క లేక బిట్టు అక్కడే రుద్దుతుంది, నల్లటి మచ్చ పడుతుంది. చిన్న మోటారు కనుక 6 మి.మీ. లోతుని ఒకే దెబ్బలో తియ్యను. రెండు మూడు విడతల్లో బిట్టు ఎత్తు పెంచుకుంటూ పోతాను.

బద్ద అంచుకి సరిగ్గా నడిమధ్య గాడి కావాలనుకోండి. కొలవక్కర్లేదు! ఫెన్సుని ఇంచుమించుగా పెట్టి ఒకసారి తొయ్యండి. బద్దని తల తోక మార్చి మళ్ళీ తొయ్యండి. రెండు వైపుల నుంచీ అంతే దూరం కనుక గాడి నడిమధ్యకి వచ్చి తీరాలి. మెలకువ ఒక్కటే: మొదటి కోత మధ్యకి వెంట్రుకవాసి మీ వైపు పడేట్టు ఫెన్సు పెట్టుకోవాలి. అప్పుడు రెండో కోతలో బిట్టు గాడికి ఇవతలి గోడనే తాకుతుంది, ఎదురొచ్చే కోతే అవుతుంది. అవతలి గోడ తాకితే చెక్కని లాగేసుకుంటుంది. ఇది తెలిసిన రోజు రాత్రి పదకొండింటికి మేడ ఎక్కి లైటు వేసి మరీ చూశాను.

చిత్రిక పట్టి రెండు పలకల అంచులు అతుక్కి తిన్నగా చెయ్యడం నాకు ఎప్పుడూ కుదరలేదు. ఈ బల్ల అదీ చేసిపెట్టింది. ఫెన్సుకి బిట్టు దగ్గర చిన్న గూడు కోసి, గూటికి ఎడమ సగం మీద 1 మి.మీ. సన్‌మైకా పట్టీ అంటించాను. బిట్టు అంచు ఆ పట్టీతో సమంగా ఉండేట్టు ఫెన్సు పెట్టాను. కుడి సగానికి ఆని వచ్చిన పలక సరిగ్గా 1 మి.మీ. పోగొట్టుకుని, ఎడమ సగానికి ఖాళీ లేకుండా ఆనుతుంది. రెండు పలకలు అలా తీసి ఫెవికాల్ పెట్టి బిగించాను. మర్నాడు అతుకు ఎక్కడో వేలితో వెతుక్కోవలసి వచ్చింది.

ఆ అతికిన పలకతో ఏం చెయ్యాలో నాకు ముందే తెలుసు. అమ్మ కత్తిపీట చెక్క ఏళ్ళ తరబడి తడికి నాని, కత్తి దిగిన చోట పగిలింది. ఒక తాడు చుట్టి నెట్టుకొస్తోంది. కొత్త పలకని పాతదాని కొలతకి కోసి, నాలుగంచులకీ గుండ్రం తిప్పే బిట్టు పెట్టాను. ముందు నార అడ్డంగా తెగే రెండు కొసలూ తీశాను, తర్వాత పొడుగంచులు. కొస చివర లేచిన చిన్న పెచ్చుల్ని పొడుగంచు కోత తుడిచేస్తుంది. కత్తి పాతదే. మేస్త్రి దాన్ని కొత్త చెక్కలో దింపి బిగించి ఇచ్చాడు.

అమ్మ దాని అంచు మీద ఒకసారి చెయ్యి నిమిరింది. తిప్పి అడుగు చూసింది. పీట మీద కాలు మడిచి కూర్చుని, ఒక దోసకాయ తీసుకుని తరగడం మొదలుపెట్టింది. సగం కాయ అయ్యాక తలెత్తకుండానే అంది:

"మీ పిన్నిది కూడా ఊగుతోందిరా. దానికీ ఒకటి చెయ్యి."