లియోన్‌లో కూలి లెక్క

మా మేనకోడలు హైదరాబాదులో ఫ్యాషన్ డిజైన్ చదువుతోంది. వాళ్ల కాలేజీ యూరప్ స్టడీ టూరు వేసింది: ప్యారిస్, లియోన్, మిలాన్. ఇంట్లోవాళ్లు కూడా రావచ్చన్నారు. "అత్తా, నువ్వు రావాల్సిందే" అని అది పట్టుబట్టింది, "వెళ్లి చూసి రాయండి" అని మా ఎడిటర్ గారు అన్నారు. షెడ్యూలు కాగితంలో ప్యారిస్‌, మిలాన్‌లకు బోలెడు చోటిచ్చి లియోన్‌ని ఒక్క పూటతో సరిపెట్టారు. నేను రాయదలచుకున్నది ఆ పూట గురించే.

ప్యారిస్‌లో డిజైనర్ ఈవ్ సెయింట్ లారెంట్ పనిచేసిన భవనాన్ని 2017లో మ్యూజియం చేశారు. ఆయన బల్ల, పెన్సిళ్లు, గుడ్డ ముక్కలు చూస్తూ పిల్లలు చాలాసేపు కదల్లేదు. మిలాన్‌లో మోంటే నపోలియోనే వీధి పొడుగునా దుకాణాల అద్దాల ముందు ఫోటోలు దిగారు. వయసులో ఉన్న పిల్లలు, ముచ్చట పడనీ.

లియోన్ పట్టుకు పేరుపడ్డ ఊరు. క్రువా రూస్ అనే కొండ మీద నేతగాళ్ల కోసం 19వ శతాబ్దంలో కట్టిన ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. లోపల కప్పు దాదాపు నాలుగు మీటర్ల ఎత్తు. మగ్గం నెత్తిన, పువ్వులు నేయించే జకార్డ్ యంత్రం కూర్చుంటుంది కాబట్టి అంత ఎత్తు కావాలి. ఆ యంత్రం పుట్టింది ఈ ఊళ్లోనే, 1804లో. మన ధర్మవరం లాంటి చోట్ల దాన్ని గుంట మగ్గాల మీదికి ఎక్కించారు. కాళ్లు గుంటలో ఉంటాయి కనుక మామూలు ఇంట్లోనూ పట్టింది.

లియోన్ నేతగాళ్లను కాన్యూలు అంటారు. వాళ్ల పేరనే ఉన్న చిన్న మ్యూజియంలో ఒక నెరిసిన జుట్టాయన మా ముందు మగ్గం ఎక్కి నేసి చూపించారు. కాలితో తొక్కుడుకర్ర నొక్కగానే పైన చిల్లుల అట్ట ఒకటి తిరిగి సూదులకు ఎదురొచ్చింది. చిల్లు ఉన్నచోట పడుగు పోగు లేచింది, లేనిచోట పడుకుంది. కుడిచేత్తో తాడు లాగితే నాడె ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకుపోయింది. అట్టకొక పేక పోగు. గుడ్డ తిరగేసి నేస్తున్నారు కాబట్టి పువ్వు కిందివైపు పడుతోంది. అడుగున ఒక అద్దం పెట్టుకుని మధ్య మధ్య వంగి చూసుకుంటున్నారు.

ఇంతలో పువ్వులో ఎరుపు వచ్చింది. అప్పటిదాకా టకటకా సాగిన చేయి ఆగింది. తాడు వదిలేసి, వేలెడంత నాడె తీసుకుని, లేచిన పోగుల కింద ఆ పువ్వు మేరకే చేత్తో దూర్చి, బిగువు చూసి వదిలారు. తర్వాత పసుపుకు ఇంకో నాడె. మళ్లీ నేల రంగు. పెన్సిల్‌తో రంగు దిద్దిన రెండు రేకులు ఆ చేతుల్లో ఎంతసేపు పట్టాయో మేమంతా నిలబడి చూశాం.

"దీనికి ఆ రోజుల్లో ఎంత ఇచ్చేవాళ్లండీ?" అని మా పిల్ల ఇంగ్లీషులో అడిగింది. నిడివిని బట్టి ఇచ్చేవారని, ఆ ధర కోసమే ఈ కొండ మీద గొడవలు జరిగాయని ఆయన మొదలుపెట్టారు. అంతలో వెనక నుంచి మా టూరు మాస్టారి గొంతు: "హిస్టరీ తర్వాత గూగుల్ చేసుకోవచ్చు, బస్సు వెయిటింగ్, మళ్లీ షాపింగ్‌కి టైం లేదని నన్ననకండి." నాకు ఒళ్లు మండింది. పిల్లలు లక్షలు కట్టి అంతదూరం వచ్చి వినాల్సిన మాట ఏదైనా ఉంటే ఆ మాటే.

ఆ గొడవ ఇదీ. 1831లో పట్టు వ్యాపారులు సరుకిచ్చేవారు, కాన్యూలు సొంత మగ్గాల మీద నేసి గుడ్డ లెక్కన కూలి తీసుకునేవారు. కూలి పడిపోతూ వచ్చింది. ఏ రకం గుడ్డకు ఎంత అని కనీస రేట్లు కట్టమని అడిగితే, జిల్లా అధికారి చొరవతో అక్టోబరులో ఒప్పందం కుదిరింది. వ్యాపారులు చాలామంది దాన్ని లెక్కచేయలేదు. నవంబరులో నేతగాళ్లు నల్లజెండాతో కొండ దిగి ఊరిని చేతిలోకి తీసుకున్నారు. ప్రభుత్వం సైన్యాన్ని పంపింది. రేట్లు రద్దయ్యాయి, ఆ అధికారి ఉద్యోగం పోయింది. 1834లో మళ్లీ తిరగబడితే తుపాకులతో అణిచేశారు.

ఆంధ్రలో నేత ఊరు చూసినవాళ్లకు ఇది పరాయి కథ కాదు. పట్టు, జరీ, డిజైను అట్టలు మాస్టర్ వీవర్ ఇస్తాడు. ఇల్లు, మగ్గం, ఒళ్లు నేతగాడివి. కండెలు చుట్టే భార్య శ్రమ లెక్కలోకే రాదు. చీరకింత అని కూలి. చీరలెక్కన కూలి అయినప్పుడు ఆలస్యమంతా నేతగాడి నెత్తినే పడుతుంది. డిజైనర్ ఒక రంగు పెంచితే ఒక నాడె పెరుగుతుంది, చీర దిగడానికి రోజులు పెరుగుతాయి. కూలి ఆ మేరకు పెరగకపోతే, చల్లగా ఏసీ గదిలో కూర్చుని పువ్వు గీసినవాళ్లు తమకు తెలియకుండానే ఒక ఇంటి రోజుకూలి కోసేసినట్టే. ఈ లెక్క మా పిల్ల సిలబస్‌లో ఎక్కడా లేదు. రంగుల సిద్ధాంతం ఉంది, బ్రాండింగ్ ఉంది, ట్రెండ్ ఫోర్‌కాస్టింగ్ ఉంది. ఒక గజం గుడ్డ నేయడానికి ఎంతసేపు పడుతుంది, నేసినవాళ్లకు ఎంత ముడుతుంది అనే పాఠం లేదు. డిగ్రీ చేతికిచ్చి పంపే ప్రతి కాలేజీకీ ఇది తీరని లోటని నా అభిప్రాయం.

తిరుగు విమానంలో మా పిల్ల తన ప్రాజెక్టు చీర డిజైను తీసి పువ్వులో రంగులు లెక్కపెట్టింది. ఐదున్నాయి. "రెండు తీసేయనా అత్తా?" అంది. వద్దన్నాను. పువ్వు బాగుంది, ఐదూ ఉండనీ, ఐదింటికీ సరిపడే కూలి ఎంతో ఆ డిజైను షీటు మీదే రాయమన్నాను. ఎంత రాయాలో తెలియాలంటే మగ్గం పక్కన కూర్చుని నేసేవాళ్లనే అడగాలి. సంక్రాంతి సెలవుల్లో ఇద్దరం ధర్మవరం వెళ్తున్నాం.