ఒకే చక్రం – మూడు అవస్థలు

లోకవ్యవహారంలో ‘జీర్ణం’ అనే మాటకు గౌరవం తక్కువ. అరిగిన వస్తువును మూలకు చేర్చి నూతనమైనదానిని తెచ్చుకోవడమే సహజమని లోకులు భావిస్తారు. అయితే వాడుక వల్ల కలిగే అరుగుదల ప్రతిచోటా క్షయమేనా? కొన్నిచోట్ల అదే ఆ వస్తువుకు పూర్వం లేని గుణాన్ని సమకూర్చదా? విజ్ఞులైన పాఠకులు విచారించదగిన ఈ ప్రశ్నకు అమెరికా దేశపు ఒక వనక్రీడలో స్పష్టమైన సమాధానం లభిస్తున్నది. ఆ క్రీడ పేరు డిస్క్ గోల్ఫ్.

గోల్ఫ్ క్రీడలోని కర్రకు, బంతికి బదులుగా ఇందులో చేతితో విసిరే ప్లాస్టిక్ చక్రం ఉంటుంది. నేలలోని గుంటకు బదులుగా స్తంభానికి అమర్చిన గొలుసుల బుట్ట ఉంటుంది. అతి తక్కువ విసురులతో చక్రాన్ని బుట్టలోనికి చేర్చినవాడు విజేత. ఎడ్ హెడ్రిక్ అనే ఆయన 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ ఉపవనంలో తొలి శాశ్వత క్రీడాస్థలిని ఏర్పరచాడు. గొలుసుల బుట్ట కూడా ఆయన కల్పనయే. 2002లో ఆయన దేహం చాలించినప్పుడు, ఆయన కోరిక ప్రకారం చితాభస్మంలో కొంత భాగాన్ని ప్లాస్టిక్‌లో కలిపి స్మారక చక్రాలుగా పోతపోశారు. తాను లేని పిమ్మట కూడా గాలిలో ఎగరాలని కోరుకున్న మనిషి ఆయన.

ఈ క్రీడలో చక్రాలు ప్రధానంగా మూడు తెగలు. పదునైన అంచుతో అతిదూరం పోయేవి డ్రైవర్లు. బుట్ట సమీపంలో వాడేవి పుటర్లు. ఈ రెండింటికీ నడుమ, దూరం కన్నా గురికి ప్రాధాన్యమిచ్చేవి మిడ్‌రేంజ్ చక్రాలు. చెట్ల నడుమ సన్నని దారిలో విసరవలసి వచ్చినప్పుడు అనుభవజ్ఞుల చేయి తరచుగా మిడ్‌రేంజ్ వైపే పోతుంది.

ఇన్నోవా సంస్థ 1987లో తెచ్చిన ‘రాక్’ అనే చక్రం ఈ తెగలో సుప్రసిద్ధం. పన్నెండు పర్యాయాలు ప్రపంచ విజేతగా నిలిచిన కెన్ క్లైమో పేరు ఈ చక్రంతో విడదీయరానిది. దీని వ్యాసం 21.7 సెంటీమీటర్లు. వ్యాసంలో ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాములకు మించరాదన్న నియమాన్ని బట్టి దీని గరిష్ఠ భారం 180 గ్రాములు. తయారీదారులు ప్రతి చక్రపు స్వభావాన్ని నాలుగు అంకెలతో చెబుతారు: వేగం, తేలుదల, మలుపు, వాలు. రాక్ చక్రానికి ఆ అంకెలు 4, 4, 0, 3. అయితే ఇవి చక్రం పుట్టిననాటి అంకెలు మాత్రమే. జన్మపత్రంలో జీవితానుభవం ఉండనట్లే, చక్రం తరువాత పడిన దెబ్బల చరిత్ర ఈ అంకెలలో లేదు.

ఆ చరిత్ర గమనాన్ని ఎట్లు మారుస్తుందో గ్రహించాలంటే గమనసూత్రం తెలియాలి. కుడిచేతివాడు బ్యాక్‌హ్యాండ్ పద్ధతిలో విసిరిన చక్రం, పైనుండి చూస్తే, ప్రదక్షిణంగా తిరుగుతుంది. అధికవేగంలో అది కుడివైపునకు ఒరగజూస్తుంది. వేగం తగ్గిన కొద్దీ గాలి దాని ముందరి అంచును పైకెత్తబోతుంది. కానీ తిరుగుతున్న వస్తువు, బొంగరం వలెనే, త్రోసిన దిక్కుకు లొంగక దానికి లంబదిశలో ఒరుగుతుంది. అందుచేత గమనాంతంలో చక్రం ఎడమకు వాలుతుంది. కుడికి మలుపు, ఎడమకు వాలు: ఈ రెండింటి తారతమ్యమే చక్రపు స్వభావం.

నూతన చక్రంలో వాలు బలీయం. ఎదురుగాలి వీచినా అది తన స్వభావం విడువదు. విసిరిన క్షణంలో కుడికి ఒరగక, చివర ఎడమకు తప్పక వాలుతుంది. దీనినే ఆటగాళ్లు ఓవర్‌స్టేబుల్ అంటారు. ఇది ప్రథమావస్థ.

చెట్లకు, రాళ్లకు, కంకరకు తగిలిన కొద్దీ అంచు గుండ్రబడుతుంది, పైభాగం క్రింది భాగంతో కలిసే గీత క్రిందికి దిగుతుంది, గీతలు, నొక్కులు ఏర్పడతాయి. రాక్ వంటి చక్రాన్ని మెత్తని, చవకైన ప్లాస్టిక్‌తో చేసినప్పుడు ఈ మార్పు శీఘ్రంగా కనిపిస్తుంది. గట్టి ప్లాస్టిక్‌లో చాలా నెమ్మదిగా సాగుతుంది. కొంతకాలానికి మలుపు, వాలు రెండూ సమమై చక్రం ఋజుమార్గంలో పోతుంది. ఇది ద్వితీయావస్థ. చెట్ల వరుసల నడుమ సొరంగం వంటి దారికి ఇది తగినది.

ఇంకను అరిగిన పిదప వాలు క్షీణించి మలుపు ప్రబలుతుంది. చక్రం కుడికి వంగి, చాలాదూరం ఆ వంపులోనే సాగుతుంది. ఇది తృతీయావస్థ, ఆటగాళ్ల భాషలో అండర్‌స్టేబుల్. ఎదురుగాలిలో ఇది తిరగబడి నేలపాలవుతుంది. కానీ కుడివైపునకు తిరిగే దారిలో, అనుకూలవాయువులో దీనికి సాటి లేదు. నూతన చక్రం ఎంత బలంగా విసిరినా చేయలేని పనిని ఇది అనాయాసంగా చేస్తుంది.

అందుచేతనే అనేకులు ఒకే రాక్‌ను మూడు వయస్సులలో సంచిలో ఉంచుకుంటారు. మూడు స్వభావాలకు మూడు వేర్వేరు చక్రాలు కొనవచ్చును కదా అని సందేహం కలుగవచ్చు. కొనవచ్చును, కొనేవారూ ఉన్నారు. గట్టి ప్లాస్టిక్‌తో చేసిన చక్రం ఏళ్ల తరబడి ఒకే తీరున ఎగురుతుంది కూడా. కానీ చేతికి అలవాటైన అంచు ఒక్కటే. వ్రేళ్లు పట్టే చోటు, అరచేతిలో ఒదిగే లోతు, విడిచే క్షణం మూడింటిలోనూ సమానం. అభ్యాసం ఒకటి, ఫలితాలు మూడు.

ఈ విషయంలో నియమావళి చెప్పే మాట మిక్కిలి విచారణీయం. తయారైన పిమ్మట గమనస్వభావం మారేట్లు చక్రాన్ని సవరించడం నిషిద్ధం. ఆటలో వాడుక వల్ల కలిగిన అరుగుదల మాత్రం సమ్మతం. గీతలను మితంగా నునుపు చేయవచ్చును. పగిలినా, రంధ్రం పడినా అది ఆటకు పనికిరాదు. అనగా వయస్సును కృత్రిమంగా కల్పించరాదు, అనుభవించే పొందాలి. ఆ వయస్సుకు ఒక అంతమూ ఉన్నది.

నార్త్ కరొలైనా వంటి వృక్షనిబిడమైన ప్రాంతంలో ఆడే, అరువది దాటిన ఒక క్రీడాకారుని భావించండి. అతని సంచిలో మూడు రాక్ చక్రాలు. ప్రతిదాని అడుగున సిరాతో తన పేరు, కొన్న సంవత్సరం వ్రాసుకున్నాడు. మూడవది పదమూడేళ్లనాటిది. ఒకనాడు చెరువు ప్రక్కనున్న దారిలో అది ఒక కొమ్మకు తగిలి నీట పడి మునిగింది. మోకాటిలోతు నీటిలో దిగి పాదాలతో బురదను తడిమాడు. చీకటి పడేవరకు వెదికినా దొరకలేదు.

నష్టం ఎంత? ధరను లెక్కిస్తే స్వల్పం. కానీ దుకాణంలో దొరికేది ప్రథమావస్థ మాత్రమే. ఇతరులు వాడి విడిచినవీ అమ్మకానికి వస్తాయి. అయితే అవి మరొకరి చేతిలో, మరొక వనంలో ముదిరినవి. వాటి స్వభావాన్ని మొదటినుండి తెలుసుకోవాలి. ధనంతో చక్రం లభిస్తుంది, పదమూడేళ్లు లభించవు.

ఇంతకన్నా గంభీరమైన విషయం మరొకటి ఉన్నది. వయస్సుతో భుజబలం తగ్గుతుంది, విసురులోని వేగం తగ్గుతుంది. వేగం తగ్గిన చేతిలో ప్రతి చక్రమూ తన నిజమైన వయస్సుకన్నా క్రొత్తదానివలె ప్రవర్తిస్తుంది. ఒకప్పుడు ఋజువుగా పోయిన రెండవ చక్రం ఇప్పుడు అతని చేతినుండి త్వరగా ఎడమకు వాలుతున్నది. మొదటి చక్రమైతే సగం దూరంలోనే నేలకు దిగుతున్నది. బలహీనమైన చేతికి కావలసినది బాగా అరిగిన చక్రమే. కానీ చక్రాన్ని అరగదీసే బలం యౌవనంలోని చేతికే అధికం. బలమున్న రోజులలో అతడు పదమూడేళ్లు విసిరి సిద్ధపరచినది, బలం తగ్గిన ఈ రోజులలో అతనికి ఊతం కావలసినది, ఆ చెరువులో ఉన్నది.

అతడేమి చేశాడు? కొన్ని వారాలు ఆ దారిలో ఆడటమే మానుకున్నాడు. తరువాత రెండవ చక్రాన్ని తీసికొని, దాని వెలుపలి అంచును కొద్దిగా పైకెత్తి, కుడివైపునకు వంచి విసరడం అభ్యసించాడు. పూర్వం చక్రమే చేసిన పనిని ఇప్పుడు మణికట్టు చేయవలసి వచ్చింది. మొదట చాలా విసురులు చెట్లలో పడ్డాయి. ఆ శిశిరం గడిచేసరికి పదింట ఆరు దారిలో నిలిచాయి. పదింట తొమ్మిది నిలిచిన రోజులు మరల రాలేదు. ఆ ఆరింటితోనే అతడు ఆట సాగించాడు.

వసంతంలో ఒక క్రొత్త రాక్ కొన్నాడు. దాని తృతీయావస్థను తాను చూడకపోవచ్చునని అతనికి తెలుసు. అయినను అడుగున సంవత్సరం వ్రాశాడు. మొదటి విసురే ఒక పైన్ చెట్టు బోదెకు తగిలి, అంచున చిన్న నొక్కు పడింది. అతడు దానిని బొటనవ్రేలితో తడిమి చూచి, తుడిచి, సంచిలో మొదటి స్థానంలో ఉంచాడు. అంతవరకు మొదటిదిగా ఉన్నది రెండవ స్థానానికి, రెండవది మూడవ స్థానానికి జరిగాయి. అవి ఆ స్థానాలకు ఇంకా పక్వం కాలేదు. స్థానం ముందుగా లభించింది, పక్వత ఆడుతుండగా రావలసి ఉన్నది.

చక్రాన్ని చూచి ‘ఇది పాడైనది’ అనడం సులభం. ఎదురుగాలిలో దానిని విసిరినవానికి ఆ మాట నిజమే. కుడికి తిరిగే దారిలో నిలిచినవానికి అదే చక్రం పరమోపకారి. కనుక క్రొత్తదా ప్రాతదా అన్న ప్రశ్న తరువాతిది; ఎదుట ఉన్న దారి ఏది, వీచే గాలి ఏది, నేటి చేతిబలం ఎంత అన్నవి ముందుగా ఎరుగవలసినవి. అరుగుదలను నష్టమని విలపించక, మహిమ అని పొగడక, అది ఇచ్చిన గుణాన్ని తగిన చోట వినియోగించడమే వివేకం.

స్వస్తి.